డబ్బు ఆగిందని పిల్లల్ని పంపడం ఆపవచ్చా?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే దిద్దండి. విడిపోయి రెండేళ్లయింది. తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప మీ దగ్గర ఉంటున్నారు. వారం విడిచి వారం శుక్రవారం సాయంత్రం వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి ఆదివారం సాయంత్రానికి వస్తారు. మూడు నెలలుగా ఆయన డబ్బు పంపడం లేదు, అడిగితే "ఉద్యోగం మారాను, చూస్తాను" అంటున్నారు. బాబు అక్కడి నుంచి వచ్చిన రోజు ముభావంగా ఉంటున్నాడు, ఈ మధ్య అసలు వెళ్లనని మొండికేస్తున్నాడు. ఎంత అడగడం న్యాయమో మీకు తెలియడం లేదు. డబ్బు వచ్చేదాకా పిల్లల్ని పంపడం ఆపితే తప్పా అని మీ అసలు ప్రశ్న.

ఆపకండి. పిల్లలకు అక్కడ ప్రమాదం ఉంటే అది వేరే సంగతి, దాని గురించి కింద రాస్తాను. డబ్బు కోసమైతే మాత్రం ఆపకండి. విడిపోయిన తల్లిదండ్రులను ఒక బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టి మాట్లాడించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ఈ ఎత్తు వేసినవాళ్లను చాలామందిని చూశాను. దానివల్ల డబ్బు వచ్చిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువగా జరిగేది ఇది: అవతలి మనిషి వకీలు దగ్గరికి వెళ్తాడు, "పిల్లల్ని చూడనివ్వడం లేదు" అని అర్జీ పెడతాడు. అంతవరకు బాకీదారుగా ఉన్నవాడు ఒక్క వారంలో బాధితుడవుతాడు. ఆ తర్వాత మూడు నెలల బాకీ ఎవరికీ గుర్తుండదు. మీ చేతిలో ఉన్న గట్టి కేసును మీరే పలచన చేసుకున్నట్టు అవుతుంది.

న్యాయం సంగతి చూసినా అంతే. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఈ రెండు విషయాలూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. దూరంగా ఉన్న తల్లినో తండ్రినో క్రమం తప్పకుండా కలుసుకునే హక్కు బిడ్డకు ఉందని, అది బిడ్డ మేలుకు విరుద్ధమైనప్పుడు మాత్రమే దానికి మినహాయింపని 9వ అధికరణ చెబుతుంది. తల్లిదండ్రుల నుంచి పోషణ ఖర్చు రాబట్టేందుకు ప్రభుత్వాలు తగిన ఏర్పాట్లు చేయాలని 27వ అధికరణ చెబుతుంది. ఒకటి జరిగితేనే రెండోది అన్న మెలిక ఎక్కడా లేదు. రెండు హక్కులూ బిడ్డవే, మీవీ కావు, ఆయనవీ కావు. నాన్న ఒకటి ఎగ్గొట్టాడని అమ్మ రెండోది ఎగ్గొడితే, రెండూ పోయేది మీ బాబుకే. ఇదే మాట తండ్రులకూ చెబుతుంటాను. "చూపించడం లేదు కాబట్టి పంపడం లేదు" అనేవాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తారు. వాళ్లకు నా సమాధానం నచ్చదు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. మీ ఒప్పందంలో ఏముందో రాయలేదు. "తండ్రి పిల్లల పోషణకు తగిన మొత్తం ఇవ్వాలి, పెద్ద ఖర్చులు ఇద్దరూ కలిసి భరించాలి, వీలును బట్టి పిల్లల్ని చూడవచ్చు" అన్న ధోరణిలో రెండు మూడు వాక్యాలు ఉండి ఉంటాయని నా ఊహ. తగిన, కలిసి, వీలును బట్టి: ఈ మూడు మాటలే నాకు ఇన్నేళ్లూ పని కల్పించాయి. విడిపోయే రోజున ఇద్దరూ అలసిపోయి ఉంటారు, త్వరగా సంతకం పెట్టి బయటపడాలని ఉంటుంది, "మనం మరీ అంత చెడ్డవాళ్లమా, సర్దుకుపోలేమా" అనిపిస్తుంది. సర్దుకుపోగలిగితే విడిపోయేవాళ్లే కాదు కదా.

ఒకసారి ఒక జంట పాప ఆటల బూట్ల గురించి నా ముందు నలభై నిమిషాలు వాదించుకున్నారు. బూట్లు నెలవారీ డబ్బులో భాగమని ఆయన, పెద్ద ఖర్చు కిందికి వస్తుందని ఆమె. చివరికి చెరి సగం అని తేల్చుకుని కాగితం మీద రాసుకున్నారు. తీరా చూస్తే వాళ్లు చూసిపెట్టుకున్న జత మూడు నెలల కిందటిది. వాదన ముగిసేసరికి పాప పాదం ఒక సైజు పెరిగింది. ఆ రోజు నుంచి నేను రాయించే ప్రతి ఒప్పందంలో బూట్లు ఎవరు కొంటారో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. చదివినవాళ్లు నవ్వుతారు, నవ్వితే నవ్వనివ్వండి.

కాబట్టి మీ కాగితాన్ని తిరగరాయించుకోండి. ఎంత మొత్తం, ఏ తేదీకి, ఏ ఖాతాలోకి వస్తుందో అందులో ఉండాలి. జీతం పడిన మర్నాడు బ్యాంకు దానంతట అదే పంపేలా ఏర్పాటు చేసుకుంటే నెల నెలా అడగాల్సిన పని, అడిగించుకోవాల్సిన పని రెండూ పోతాయి. ఏటా ఎంత పెంచాలో ఉండాలి. ఫీజులు, వైద్యం, కళ్లద్దాలు, బడివాళ్ల విహారయాత్రల లాంటి అదనపు ఖర్చుల్లో ఎవరి వంతు ఎంత, ఎంత దాటితే ముందుగా అవతలివారిని అడగాలి, బిల్లు పంపిన ఎన్ని రోజుల్లో డబ్బు ఇవ్వాలి అన్నవి ఉండాలి. సెలవులు ఎవరి దగ్గర, పుట్టినరోజు శుక్రవారం వస్తే ఏం చేయాలి, పిల్లకు జ్వరం వస్తే ఆ వారాంతం తప్పిపోయినట్టా వాయిదా పడినట్టా, ఇవి కూడా. ఇంత రాసుకుంటే నమ్మకం లేనట్టు కనిపిస్తుందని కొందరు మొహమాటపడతారు. నిజమే, నమ్మకం లేదు. అందుకే రాసుకుంటున్నారు.

నోటు డబ్బు చేతికివ్వడం వద్దు. పిల్లల చేత పంపడం అసలే వద్దు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక తండ్రి నెలకోసారి కవరులో డబ్బు పెట్టి కొడుకు బడి సంచిలో వేసి పంపేవాడు. అది ఆయనకు తోచిన సులువైన పద్ధతి, దురుద్దేశం ఏమీ లేదు. ఒకనాడు ఆ అబ్బాయి తల్లికి కవరు ఇస్తూ, "ఈసారి రెండు నోట్లు తక్కువున్నాయమ్మా, నాన్నను ఏమీ అనకు" అన్నాడు. వాడు ప్రతి నెలా బస్సులో కూర్చుని లెక్కపెట్టుకుంటున్నాడని ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఇక ఎంత అన్నది. లెక్కకట్టే పద్ధతులు దేశానికొకటి ఉన్నా ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. బిడ్డ ఎవరి దగ్గర ఉండడం లేదో వాళ్ల ఆదాయంలో ఇంత శాతం అని తీయడం ఒకటి. బ్రిటన్‌లో సాధారణ ఆదాయం ఉన్నవాళ్లకు ఒక బిడ్డకైతే 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు లేదా అంతకు మించితే 19. ఇద్దరి ఆదాయాలూ కలిపి, పిల్లలకు అయ్యే ఖర్చును అంచనా వేసి, సంపాదనలో ఎవరి వంతు ఎంతో ఖర్చులోనూ అంత వంతు వేయడం రెండోది. ఆస్ట్రేలియా, అమెరికాలో అత్యధిక రాష్ట్రాలు ఈ దారిలో నడుస్తున్నాయి. జర్మనీలో 1962 నుంచి డ్యూసెల్డార్ఫ్ పట్టిక అని ఒకటుంది. ఒక పక్క ఆదాయం, ఇంకో పక్క బిడ్డ వయసు, రెండూ కలిసే గడిలో అంకె. ఆరేళ్లకు, పన్నెండేళ్లకు ఆ అంకె పెరుగుతుంది. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ ఖర్చు పెరుగుతుందని అక్కడ ఎవరూ ఎవరితోనూ కొత్తగా వాదించాల్సిన అవసరం లేదు. భారతదేశంలో ఇలాంటి పట్టిక లేదు. న్యాయమూర్తి ఇద్దరి స్థితిగతులూ చూసి నిర్ణయిస్తారు. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉద్యోగం మారిన మనిషి విషయంలో ఇది బాగా పనికొస్తుంది.

మీ ఇంటికి రెండో పద్ధతే వాడి చూడండి. మూడు నెలల పాటు పిల్లల ఖర్చు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఫీజులు, బట్టలు, మందులు అందరూ రాస్తారు. అద్దెలో, కరెంటు బిల్లులో పిల్లల వంతు రాయడం చాలామంది మరచిపోతారు. పిల్లలు లేకపోతే మీరు ఇంకో గది ఉన్న ఇల్లు తీసుకునేవారా? ఆ గది అద్దె పిల్లలదే. అలా వచ్చిన మొత్తాన్ని 100 అనుకోండి. మీ ఇద్దరి సంపాదనలో ఆయనది 60 వంతులు, మీది 40 అయితే ఆయన పంపాల్సింది 60 దగ్గర మొదలవుతుంది. పిల్లలు తన దగ్గర ఉన్న రోజుల్లో ఆయన పెట్టే ఖర్చు చూసుకుని అక్కడి నుంచి కొంచెం దిగవచ్చు.

ఈ దిగడం దగ్గరే గొడవ. బ్రిటన్ లెక్క ప్రకారం బిడ్డ ఏడాదిలో 52 రాత్రులు రెండో ఇంట్లో పడుకుంటే ఇచ్చే మొత్తంలో ఏడో వంతు తగ్గుతుంది. 51 అయితే తగ్గదు. మీ పిల్లలు వారం విడిచి వారం రెండేసి రాత్రులు వెళ్తున్నారు, అంటే ఏడాదికి సరిగ్గా 52. ఒక్క వారాంతం తప్పితే ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. రాత్రులను డబ్బుతో ముడిపెట్టిన ప్రతిచోటా తల్లిదండ్రులు పిల్లల నిద్రను లెక్కపెట్టడం మొదలుపెడతారు. అందుకే నేను రాయించేటప్పుడు, ఏడాదిలో పది పదిహేను రాత్రులు అటూ ఇటూ అయినా మొత్తం మారదని ఒక వాక్యం వేయిస్తాను.

ఒక మాట ముందే చెబుతున్నాను, మొత్తం ఎంతైనా ఇద్దరికీ తృప్తి ఉండదు. ఆదాయం అంతే ఉంది, అద్దెలు రెండయ్యాయి. ఇచ్చేవారికి ఎక్కువనిపిస్తుంది, తీసుకునేవారికి తక్కువనిపిస్తుంది, తరచుగా రెండూ నిజమే. "నేను పంపిన డబ్బుతో ఆమె ఫోను కొనుక్కుంది" అని నా దగ్గర వాపోయిన తండ్రులున్నారు. ఇంట్లోకి వచ్చిన డబ్బు మీద పేరు రాసి ఉండదు. ఆ నెల ఆమె జీతం ఫీజుకు పోయి ఉండవచ్చు. ప్రతి రూపాయికీ లెక్క చూపమనేవాళ్లు నిజానికి అడిగేది లెక్క కాదు. ఆ ఇంటి మీద ఇంకా తమ మాట చెల్లాలన్న కోరిక అది.

మూడు నెలల బాకీ విషయం. ఆయన ఉద్యోగం మారడం నిజమే కావచ్చు. ఆదాయం తగ్గితే మొత్తం తగ్గించమని అడిగే హక్కు ఆయనకు ఉంది. కానీ దానికి కోర్టుకు గానీ మీ దగ్గరికి గానీ వచ్చి అడగాలి, తనంతట తాను ఆపేయకూడదు. ఈ సంగతి తెలియక నష్టపోయే తండ్రులు చాలామంది. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఒకసారి పేరుకున్న బాకీని తర్వాత న్యాయమూర్తి కూడా వెనక్కి వెళ్లి తగ్గించలేరు. తీసుకునేవారు ఆలస్యం చేసినా నష్టమే. భారతదేశంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 144వ సెక్షను కింద, అంటే పాత కోడ్‌లోని 125 కింద, కోర్టు ఉత్తర్వు ఉన్నా డబ్బు రాకపోతే, వసూలు వారంటు కోసం ఆ డబ్బు బాకీ పడిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. "పోనీలే, ఇంకొన్నాళ్లు చూద్దాం" అని ఏడాదిన్నర చూసినవాళ్లకు మొదటి ఆరు నెలల డబ్బు ఆ దారిలో రాదు. మీ ఉత్తర్వు ఎక్కడిదైతే అక్కడి గడువు ఏమిటో ఈ వారమే వకీలును అడగండి.

ఈలోగా ఆయనకు రాయండి. ఫోను చేయకండి, ఫోనులో పాత విషయాలన్నీ వస్తాయి. ఆయన కోసం రాసి మీరు నాకు పంపిన మెసేజిలో "మీకు మీ పిల్లలంటే లెక్క లేదని ఎప్పటినుంచో తెలుసు" అని మొదలుపెట్టారు. అది మీకు తెలిసిన నిజం కావచ్చు, కానీ దానికి ఆయన ఇచ్చే జవాబు డబ్బు గురించి ఉండదు. ఇలా రాసి చూడండి:

"మార్చి, ఏప్రిల్, మే నెలల మొత్తం రాలేదు. జూన్ నుంచి మామూలు మొత్తం 5వ తేదీకి పంపండి. పాత బాకీ ఎన్ని వాయిదాల్లో తీరుస్తారో ఈ నెల 20లోగా తెలియజేయండి. పిల్లలు ఎప్పటిలాగే శుక్రవారం ఆరింటికి సిద్ధంగా ఉంటారు."

నాలుగు వాక్యాలు. రేపు న్యాయమూర్తి చదివినా మీరు తలదించుకోవాల్సిన మాట ఒక్కటీ ఉండదు. చివరి వాక్యాన్ని మాత్రం తీసేయకండి. ఈ ఉత్తరానికి బలం అందులోనే ఉంది. జవాబు రాకపోతే 21వ తేదీన వకీలు దగ్గరికి వెళ్లండి, 22న కూడా కాదు.

బాబు మొండికేయడం గురించి రాయాల్సింది ఎక్కువుంది. పిల్లవాడు వెళ్లననగానే తల్లికి "చూశావా, వాడికే ఇష్టం లేదు" అనిపిస్తుంది, తండ్రికి "తల్లే ఎక్కించి పంపుతోంది" అనిపిస్తుంది. రెండూ కాకపోవడమే ఎక్కువ. ఐదేళ్ల పాప గుమ్మం దగ్గర ఏడిస్తే అది ఇల్లు మారే క్షణంలో వచ్చే ఏడుపు. ఆదివారం అక్కడి నుంచి బయల్దేరేటప్పుడు కూడా అలాగే ఏడుస్తుందేమో, మీకు తెలియదు. తొమ్మిదేళ్ల వాడికి కారణం ఉంటుంది, కానీ అది మీరు అనుకునే కారణం కాకపోవచ్చు. "నాన్న దగ్గరికి ఎందుకు వెళ్లవు?" అని అడిగితే మీకు నచ్చే జవాబే చెబుతాడు, ఎందుకంటే వాడు మీతో ఉండాలి. "వెళ్తే ఇక్కడ ఏం పోగొట్టుకుంటావు?" అని అడిగి చూడండి. స్నేహితుల ఆట అంటాడో, ఇంకేమైనా అంటాడో.

పదేళ్ల అబ్బాయి ఒకడు ఇలాగే నాలుగు నెలలు వెళ్లలేదు. వకీళ్లు, అర్జీలు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. గంటసేపు ఏమీ చెప్పలేదు. వెళ్లేముందు తన సంచి జిప్పు లాగి చూపించాడు. బ్రష్షు, పేస్టు, తువ్వాలు, రెండు జతల బట్టలు, చెప్పులు. "అక్కడ నాకు సొరుగు లేదు" అన్నాడు. నాన్న ఇంట్లో రెండు రాత్రులూ వాడి సామాను సోఫా పక్కన సంచిలోనే ఉండేది. వాడికి వచ్చిన కోపం నాన్న మీద కాదు, అతిథిగా వెళ్లడం మీద. తండ్రి ఒక సొరుగు ఖాళీ చేసి, ఒక బ్రష్షు కొని పెట్టాడు. అన్ని కథలూ ఇంత సులువుగా ముగియవు, ఇది ముగిసింది.

తిరిగి వచ్చిన సాయంత్రం ముభావంగా ఉండడాన్ని ఒక రోజు వదిలేయండి. "అక్కడ ఏం చేశావు, ఎవరొచ్చారు, నాన్న ఏమన్నాడు" అన్న ప్రశ్నలు వాడికి కోర్టులో సాక్ష్యం చెప్పడంలా ఉంటాయి. మీ అమ్మగారికి కూడా ఇది చెప్పండి. నేను చూసినంతలో అసలు తల్లిదండ్రుల కంటే ఇంట్లో పెద్దవాళ్లే ఆదివారం రాత్రి విచారణలు ఎక్కువ చేస్తారు. ముభావం మూడు నాలుగు రోజులు ఉంటే, నిద్ర చెడితే, చదువు పడిపోతే, పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

"వీళ్ల బతుకు పాడైపోయిందేమో" అని రాశారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేవిస్ హెదరింగ్టన్ దశాబ్దాల పాటు ఇలాంటి కుటుంబాలను పరిశీలించారు. విడిపోయిన ఇళ్ల పిల్లల్లో తీవ్రమైన ఇబ్బందులు కనిపించింది నూటికి 20 నుంచి 25 మందిలో, విడిపోని ఇళ్లలో 10 మందిలో. తేడా ఉంది, దాచాల్సిన పని లేదు. మిగిలిన 75 నుంచి 80 మంది మామూలుగానే పెరిగారన్నది కూడా అదే లెక్క. అమ్మానాన్నల గొడవ మధ్యలో రోజులు గడపాల్సి రావడం పిల్లలను బాగా దెబ్బతీస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మీ ఇద్దరికీ స్నేహం కుదరకపోతే కుదరకపోనివ్వండి. ఎవరి ఇంట్లో వాళ్ల పద్ధతులు, మధ్యలో రాతకోతలు మాత్రమే, అప్పగింత బడి గేటు దగ్గర. ఒకరు శుక్రవారం బడిలో దింపితే ఇంకొకరు సాయంత్రం అక్కడి నుంచే తీసుకెళ్తారు, గుమ్మం దగ్గర ఎదురుపడే అవసరమే రాదు. ఇలా పెరిగిన పిల్లలు బాగానే ఉండడం చూశాను.

ప్రమాదం గురించి రాస్తానన్నాను. ఆయన మిమ్మల్ని గానీ పిల్లల్ని గానీ కొట్టిన చరిత్ర ఉంటే, మత్తులో పిల్లల్ని బండి ఎక్కిస్తుంటే, ఎత్తుకుపోతానని బెదిరించి ఉంటే, పైన రాసినవి మీకు వర్తించవు. అప్పుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం కూడా వద్దు. వెంటనే కోర్టుకు వెళ్లి, మూడో మనిషి సమక్షంలోనే కలిసే ఏర్పాటు అడగండి. మీ ఉత్తరంలో అలాంటి జాడ కనిపించలేదు కాబట్టి మిగతాదంతా రాశాను.

చివరగా, "నాన్న డబ్బు ఇవ్వడం లేదా?" అని బాబు అడిగితే ఏం చెప్పాలన్నారు. అబద్ధం చెప్పకండి, లెక్కలూ చెప్పకండి. "అది నేనూ నాన్నా తేల్చుకునే పని. నీ బడికి, నీకు కావాల్సినవాటికి నేను చూసుకుంటున్నాను" అంటే చాలు. మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే చెప్పండి, అదే గొంతుతో.

మీ ఒప్పందంలో డబ్బు గురించి, రాకపోకల గురించి ఉన్న వాక్యాలను పేర్లు తీసేసి ఉన్నదున్నట్టు రాసి పంపండి. ఏ మాటలు మార్చాలో గీత గీసి చెబుతాను.